గిర్ని ఇంజను కడుపు

1981 అక్టోబర్ 2, శుక్రవారం
ఇవాళ కూడా పిండి గిర్ని మధ్యలో ఆగింది. ఇంజను కాగిపోయి నల్లపొగ కక్కింది. జొన్నల గంపలతో వచ్చిన ఆడవాళ్లు మొహం ముడుచుకుని పోయారు. మరిది అరుగు మీద నుంచే— "వదినా, ఇంజను ముసల్దైంది. దసరా ఎల్లంగనె తొర్రూరాయన వస్తాండు, అమ్మేద్దాం."

అమ్మేస్తే నేనేం చేయాలి? మళ్లీ పొయ్యి ముందు కూర్చుని చింతపండుకు కూడా చెయ్యి చాపాలి. ఇన్నేళ్లుగా గిర్ని నడిపేది నేను. అమ్మనివ్వను.

3, శనివారం
ఆయన కాజీపేట డ్యూటీ దిగి రాగానే అడిగాను... ఇంజనులో పాత నూనె ఎప్పుడైనా మొత్తం దింపారా?
"అడుగున జరంత ఉంచుత. అమ్మ ఉంచమన్నది."
అదీ సంగతి! అత్తమ్మ ఈ ఇంట్లో బియ్యం కుండ అడుగంటా ఊడ్వనివ్వదు. ఇంజనుకూ అదే చట్టం.

5, సోమవారం
వేడి మీద ఉండగానే అడుగు బోల్టు విప్పాను. వేడిగా ఉంటేనే నూనె జారుతుంది. నల్లగా, తారులాగా... చెయ్యి కాలింది.
అత్తమ్మ ఉరికొచ్చింది. "ఏం పుట్టిందే నీకు! కడుపు మొత్తం ఖాళీ జేస్తవా? జరంత ఉండనియ్యి!"
"చుక్క గూడ ఉంచ అత్తమ్మా."
అలిగి బతుకమ్మకు పూలు కోయడానికి పోయింది. పక్కింటివాళ్లు బండి ఇరుసుకు పూస్తామని పాత నూనె డబ్బాలో పట్టుకుపోయారు. ధార ఆగినా నేను నమ్మలేదు. పొద్దు గూకేదాకా బోల్టు బిగించలేదు.

6, మంగళవారం
ఇంజను పక్క మూత విప్పి, గుడ్డ చుట్టిన చెయ్యి లోపలికి పెట్టాను. మడ్డి. మడ్డిలో గింజలు. కిరోసిన్‌లో కడిగి చూస్తే— బియ్యం! నూనె పైకెక్కే జాలికి అడ్డంగా గడ్డకట్టి ఉన్నాయి.
ఎట్లా వచ్చాయి?... తట్టగానే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఏటా దసరా పూజకు అత్తమ్మ నూనె పోసే మూత తీసి పిడికెడు అక్షింతలు లోపల వేస్తుంది. "సల్లగుండు తల్లీ" అని.
మరిదికి చెప్పను. చెబితే ఆమెను బతికినన్నాళ్లూ ఎగతాళి చేస్తాడు.

7, బుధవారం
జాలి కడిగాను. కొత్త నూనె పోశాను. పూజ కాకుండా ఇంజను తిప్పే హ్యాండిల్ ముట్టొద్దట అత్తమ్మ. సరే.

8, గురువారం, దసరా
అత్తమ్మ పళ్లెంతో వచ్చింది. నేను నూనె మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.
"లోపల వద్దు అత్తమ్మా."
"ఎందుకే?"
"గింజలు... దాని గొంతుకు అడ్డం పడుతున్నయి."
పళ్లెంలోకి చూసింది. కాలిన నా చెయ్యి చూసింది.
"అంటే... నేనేనా?"
పాపం, ఆమె గడ్డం వణికింది. పిడికిలి నిండా అక్షింతలు తీసి నా నెత్తి మీద వేసింది.
"ఇగ తిప్పు."

తిప్పబోతుంటే మరిది తొర్రూరాయనను వెంటేసుకుని దిగాడు. పండగ అయ్యేదాకా కూడా ఆగలేదు, మహానుభావుడు! ఇద్దరూ చాయ్ తాగుతున్నారు. ఆ సందులో ఇది రాస్తున్నాను. జుట్టులోంచి బియ్యం కాగితం మీద రాలుతున్నాయి. కొంగు తలకు గట్టిగా చుట్టుకోవాలి, ఒక్క గింజ కూడా ఇంజనులో పడొద్దు.
అత్తమ్మ పిలుస్తోంది— "రాయే, వచ్చి తిప్పు, ఆళ్లు సూస్తాండ్రు."
పోతున్నాను...