నేరుగా లాగిన తీగ

ప్రియమైన బావగారికి,

'ప్రియమైన' అని అలవాటు కొద్దీ రాశాను. కొట్టేద్దామనుకుంటే కలం సాగలేదు. చివరిదాకా చదివాక ఆ మాట ఉంచుకుంటారో తుడిచేస్తారో మీ ఇష్టం.

మీ చెల్లెలు ఆసుపత్రిలో ఉంది. నిన్న పొద్దున వ్యాను మెట్టు దిగుతూ, టీ గ్లాసుతో సహా మోకాళ్ళ మీద కూలబడింది. నేను నవ్వాను బావగారూ. కాలు జారిందనుకుని, "పొద్దున్నే ప్రార్థన మొదలుపెట్టావా?" అన్నాను. ఆమె నా వైపు చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో నేను లేను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేనెవరో తెలియనట్టు చూడటం అదే మొదటిసారి. ఆ చూపు దగ్గరే నేనింకా ఆగిపోయి ఉన్నాను. ఈ ఆసుపత్రి వరండా బెంచీ మీద కూర్చునే ఇది రాస్తున్నాను.

డాక్టరమ్మ ఇన్సులిన్ సీసా తెమ్మంది. పరిగెత్తి తెచ్చాను. కిటికీ వెలుగులో పట్టుకుని తను చూసి, నాకూ చూపించింది. తేటగా ఉండాల్సిన మందు మబ్బు పట్టినట్టుంది.

"దీన్ని ఎక్కడ పెడుతున్నారు?"

"ఫ్రిజ్‌లోనే."

"ఏ ఫ్రిజ్?"

"మా వ్యాన్లోదే. మా బావగారు స్వయంగా బిగించింది."

"అయితే మీ బావగారినే అడగండి. ఈమె ఇన్నాళ్ళూ పొడుచుకుంటున్నది మందు కాదు, నీళ్ళు."

అందుకే అడుగుతున్నాను.

మూడేళ్ళ క్రితం అద్దెగది ఖాళీ చేసి, ఈ పాత సరుకుల వ్యాను కొని, క్వారీల దగ్గరా మిల్లు గేట్ల దగ్గరా దేవుని వాక్యం చెబుతూ తిరుగుదామని నేనంటే మీ చెల్లెలు ఒక్కటే షరతు పెట్టింది. "నాకు ఇల్లు అక్కర్లేదు. చల్లగా ఉండే ఒక అర చాలు" అంది. ముప్పయ్యో ఏట నుంచి రోజుకి రెండు సూదులు పొడుచుకునే మనిషి అంతకన్నా ఏమడుగుతుంది? మీరు ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి, పైగా ఆమె తోడబుట్టినవారు. కప్పు మీద రెండు సోలార్ పలకలు, సీటు కింద రెండు పెద్ద బ్యాటరీలు, గోడకి కరెంటు పంచే కంట్రోలర్ డబ్బా, పొయ్యి పక్కన ఈ చిన్న ఫ్రిజ్, అన్నీ మీ చేత్తోనే పెట్టారు. "ఇంజిన్ బ్యాటరీతో వీటికి సంబంధం లేదు. ఎండే మీ కరెంటాఫీసు. బ్యాటరీలను సగం కిందికి దించకండి, అంతే" అన్నారు. బడిమొహం చూడనివాణ్ణి, వాక్యం పేజీల మీదే అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. మీ మాట కూడా వాక్యమే అనుకున్నాను.

ఇవాళ ఫ్రిజ్ తలుపు తీస్తే వేడిగాలి మొహాన కొట్టింది. లోపల రెండు టమాటాలు, ఒక నీళ్ళ సీసా. సీసా వెచ్చగా ఉంది. పాత బ్యాటరీలకు కొత్త కాగితం అంటించి ఇచ్చారా అనుకున్నాను. అదీ కుదరదు. నా మైకు ఆ బ్యాటరీల మీదే రోజుకి ఆరు గంటలు సింహంలా గర్జిస్తోంది. దాని తీగను మీ డబ్బాలోంచి నేనే పీకేసి, నేరుగా బ్యాటరీకి బిగించుకున్నాను. దేవుని మాటకీ జనానికీ మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బా పెత్తనమేమిటి? ఆనాటి నుంచి మైకు ఒక్కసారీ ఆగలేదు. కాబట్టి బ్యాటరీలు నిజం, మీ ఫ్రిజ్ అబద్ధం.

చిన్నవాళ్ళను పడదోసేవాడి మెడకు తిరగలిరాయి కట్టి సముద్రంలో వెయ్యడం మేలని రాసి ఉంది. ఆ రాయి బరువెంతో ఒకసారి ఊహించుకోండి. ఆమెకు ఇంకా తెలివి రాలేదు. వచ్చేదాకా మీతో నాకు మాటల్లేవు.

మీ చెల్లెలి భర్త,
మీరే పేరు పెట్టిన పిడుగు

*

ప్రియమైన బావగారికి,

ఈసారి ఆ మాట అలవాటు కొద్దీ రాయలేదు.

ఆమెకు తెలివి వచ్చింది. మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు జరిగిందంతా మీకు తెలిసిందే, అయినా రాస్తున్నాను. తెలిసినవాళ్ళ ముందు తప్పును మళ్ళీ చెప్పుకోవడాన్నే ఒప్పుకోలు అంటారని వేల మందికి బోధించినవాణ్ణి. నా వంతు వచ్చింది.

"పిడుగూ, తిట్లు అయిపోయాయా, ఇంకో కాగితం ఉందా?" అన్నారు మీరు.

మీరే అందుకున్నారు.

"చెల్లికి తెలివి రాలేదని ఒక్క ముక్క రాశావు. నీ మైకు గురించి మాత్రం బోలెడు రాశావు. సరేలే. ఇప్పుడెలా ఉంది?"

"పొద్దున మంచినీళ్ళు అడిగింది."

మీ వైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు. "అయితే వ్యాను దగ్గరికి వెళ్ళు బావా. వాక్యం కాసేపు పక్కనపెట్టి ఫోన్ ఆ డబ్బాకి కలుపు. నెలరోజుల గీత చూపిస్తుంది. అది ఫ్రిజ్ ఒక్కదాని గీత. నీ మైకుని దాంట్లోంచి నువ్వే పీకేశావు కదా."

కలిపాను. తెర మీద పొడవాటి గీత. పైకి లేచిన చోట ఫ్రిజ్ నడిచినట్టు, నేలకి అంటిన చోట ఆగినట్టు. మీరు చదవమన్నారు, నేను చదివాను. ఇన్నేళ్ళూ పైకి చదవడమే నా వృత్తి. దీన్ని మాత్రం వేలు పెట్టుకుంటూ చదివాను.

"పొద్దున తొమ్మిదింటికి ఆగింది. సాయంత్రం ఏడు దాటాక లేచింది. రెండు గంటలు నడిచి మళ్ళీ ఆగింది, తెల్లారి కాసేపు లేచింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే."

"ఎన్నాళ్ళు?"

"ఈ గోదాముల దగ్గర సభలు పెట్టిన దగ్గర్నుంచి. ఇరవై ఒక్క రోజులు. మధ్యలో ఒక్క రోజు మాత్రం ఆగలేదు."

"ఆ రోజేం చేశావు?"

"గొంతు పోయింది. ప్రసంగం లేదు."

మీరు నిట్టూర్చారు. "ఆగిన ఘడియలో బ్యాటరీ ఎంతుంది?"

"పన్నెండున్నర వోల్టులు."

"నిండుగా ఉన్నట్టే. అది చచ్చి ఆగలేదు బావా. ఎవరో ఆపారు."

"ఎవరాపుతారు?"

"ఆ వ్యాన్లో ఉండేది ఇద్దరు. అందులో ఒకడు తొమ్మిదింటికల్లా మైకు దగ్గరుంటాడు."

బావగారూ, నరకం గురించి నేను నూరు రకాలుగా వర్ణించాను. మంట, పురుగు, చీకటి, పళ్ళు కొరకడం. వ్యాను నేల మీద చతికిలబడి ఆ ఫోన్ పట్టుకున్నప్పుడు వాటిలో ఏదీ లేదు. చెవుల్లో గుయ్యిమని ఒక చప్పుడు, అంతే. చాలాసేపటికి, పాలులేని టీ గుర్తొచ్చింది. మూడు వారాలుగా నాకు నల్లటి టీ ఇస్తోంది. "పాలు కఫం చేస్తాయి, మీ గొంతుకి ఇదే మంచిది" అంటే, నా గొంతు మీద ఎంత శ్రద్ధ అని మురిసిపోయాను. ఆ ఫ్రిజ్‌లో పాలు నిలవవని ఆమెకు తెలుసు.

ఆ తర్వాత, తుడిచేసుకున్నానని కూడా తెలియకుండా నేను మనసులోంచి తుడిచేసుకున్న రోజు ఒకటి గుర్తొచ్చింది. నాలుగు నెలల కిందట, మిల్లు గేటు ముందు. మూడొందల మంది. లోకాంతంలో కడబూర మ్రోగే ఘట్టం చెబుతున్నాను. "ఇదిగో, ఇప్పుడే మ్రోగుతుంది" అని చెయ్యెత్తాను. కుయ్యిమని మైకు చచ్చింది. మీ డబ్బా బ్యాటరీని కాపాడటానికి దానికి కరెంటు కోసేసింది. వెనక వరసలోంచి ఒకాయన, "బూరకి చార్జింగ్ అయిపోయినట్టుంది" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నేను వ్యాన్లోకి వెళ్ళి మీ చెల్లెలితో ఏమన్నానో తెలుసా? "నీ సీసాలు చల్లగా ఉండటానికి దేవుని నోరు మూతపడాల్సి వచ్చింది" అన్నాను. సీసాలు అన్నాను. మందు అనైనా అనలేదు. మర్నాడు మీ డబ్బాలోంచి తీగ పీకి నేరుగా లాగాను. ఆమె పక్కన నిలబడి టార్చి పట్టుకుంది.

ఈ గోదాముల దగ్గరికొచ్చాక మరో ఘనకార్యం కూడా చేశాను. జనం నీడలో కూర్చోవాలని వ్యానును గోదాము గోడ పక్కన పెట్టాను. జనానికి నీడ దొరికింది, పలకలకూ నీడే దొరికింది. ఉన్న ఆ కాస్త కరెంటు ఒకళ్ళకే చాలుతుందని ఆమె లెక్కవేసుకున్నట్టుంది. నన్ను ఎంచుకుంది.

ఎదుటివాడి కంట్లో నలుసు సంగతి మీకు ఉత్తరం రాసి, నా కంట్లో దూలం మీదే కాగితం పెట్టుకుని రాశానన్నమాట. ఆ తిరగలిరాయి నాకు తిప్పి పంపించండి.

ఒక నిర్ణయానికి వచ్చాను. ఆమెను మీ ఇంటికి తెచ్చి దిగబెడతాను. అక్కడ గోడలో కరెంటు ఉంటుంది, ఫ్రిజ్ ఎవరి నోటితోనూ పోటీపడక్కర్లేదు. వ్యాను అమ్మేస్తాను. ఇక నోరు తెరవను. నాలుక చిన్న నిప్పురవ్వ, అడవంతా కాలుస్తుందని రాసి ఉంది. నాది నా ఇంట్లోని ఒకే ఒక్క చల్లటి అరను కాల్చింది. ఆమెతో ఇంకా ఈ ముక్క అనలేదు. నాకెందుకు చెప్పలేదని మొహం ఎత్తి అడిగే ధైర్యం కూడా రావట్లేదు.

తలవంచిన,
పిడుగు

*

బావగారూ,

ఈ ఉత్తరం పక్క మంచం మీంచి మీ చెల్లెలు చూస్తుండగా రాస్తున్నాను. "ఉన్నదున్నట్టు రాయండి, పెంచొద్దు" అని ఆజ్ఞ.

నిన్న అడిగేశాను. "నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే దాని మీద కూడా ప్రసంగం చేస్తారు" అంది.

నర్సమ్మ మందు బుడ్డి పట్టుకుని నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆమెకూ అంతగా రాలేదు. దుప్పటి అంచు సరిచేస్తూ చెప్పింది. "మైకు ఆగిన రోజు ఎందుకాగిందని పదిమందిని అడిగారు. మూడు వారాలుగా ఫ్రిజ్ ఆగుతోంది. ఒక్క రోజు, ఒక్కసారి అడిగారా? అడిగితే చెప్పేదాన్ని. అడుగుతారేమోనని రోజూ చూశాను. టీలో పాలేవీ అని అడిగినా సరిపోయేది."

బావగారూ, ఆమె త్యాగం చేసిందని నేను ఏడ్చాను. ఆమె చేసింది త్యాగం కాదట. ఎదురుచూసిందట. ఈ దెబ్బ ఆ గీత చూసినప్పటి దెబ్బ కన్నా లోతుగా దిగింది. సీసాను తడిగుడ్డలో చుట్టి ఆ చీకటి అరలో పెట్టేదట. "మొదట్లో సరిపోయింది. ఎండలు ముదిరాక గుడ్డ గంటలో ఆరిపోయేది. మీరేమో ఒక్కో పూట మూడు గంటలైతే గానీ ఆమెన్ అనరు."

అప్పుడు నా నిర్ణయం చెప్పాను. వ్యాను అమ్మేస్తాను, నిన్ను అన్నయ్య దగ్గర దింపుతాను, నేనిక నోరు తెరవను అని. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె దిండు మీంచి తల ఎత్తింది. ఆ కళ్ళలో ఈసారి నేను పూర్తిగా ఉన్నాను, ఆమె కోపమంతటితో సహా.

"మళ్ళీ మీరే తేల్చేశారా? నా సూది గురించి మీరే, నా ఇంటి గురించి మీరే. నేను మిమ్మల్ని నోరు మూసుకోమనలేదు. తీగ మార్చమంటున్నాను. ముందు ఫ్రిజ్ తినాలి, మిగిలింది మైకు తినాలి. మిగలకపోతే ఆ పూట మైకు పస్తు. ఇంత చిన్న సంగతికి వ్యాను అమ్ముతారా?"

ఇరవై రెండేళ్ళలో నేను ఆమెకు ఎన్నో వాక్యాలు వివరించాను. ఆమె నాకు ఒక తీగ వివరించింది, అర్థమైంది.

కాబట్టి మీరు వచ్చేటప్పుడు పనిముట్ల పెట్టె తెచ్చుకోండి. మైకు మళ్ళీ మీ డబ్బా కిందికే రావాలి, ఫ్రిజ్ తర్వాతే. నేను పీకడమైతే పీకేశాను. పెట్టడం రాదు. వ్యాను ఇప్పుడు ఆసుపత్రి ప్రహరీ పక్కన నిట్టనిలువు ఎండలో ఉంది. పలకలు సలసలా కాగుతున్నాయి, బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. ఇంజనీరులా మాట్లాడుతున్నానని మీ చెల్లెలు మూతి తిప్పుతోంది.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇవాళ పొద్దున డాక్టరమ్మ ఆమెను కాసేపు బయట కూర్చోనిచ్చింది. వ్యాన్లోనే కూర్చుంటానంటే పొయ్యి పక్కన, ఫ్రిజ్‌కి ఆనుకుని కూర్చోబెట్టాను. బయట రోగుల బంధువులు పాతికమంది ఉన్నారు. నన్ను గుర్తుపట్టి ఒక లారీడ్రైవరు, "అయ్యగారూ, రెండు మంచి మాటలు చెప్పండి. మైకు పాడైందా?" అన్నాడు.

"మైకు బాగానే ఉంది. పాడైంది నేను" అన్నాను. మామూలు గొంతుతో మొదలుపెట్టాను. వెనకవాళ్ళు వినబడట్లేదన్నారు. అరవబోయి ఆగాను. వాళ్ళే ముందుకు జరిగి కూర్చున్నారు. ఒక ముసలమ్మ ఏకంగా నా కాళ్ళ దగ్గర చేరింది. దేవుడు పెనుగాలిలో లేడు, భూకంపంలో లేడు, మంటలో లేడు, సన్నని మెల్లని స్వరంలో ఉన్నాడన్న ఘట్టం ఎత్తుకున్నాను. ఇన్నేళ్ళూ దాన్ని రెండు గొట్టం స్పీకర్లు పెట్టి, మైలు దూరం వినబడేలా అరిచి చెప్పినవాణ్ణి.

సగం మాటలో ఉండగా నా వెనక వ్యాన్లో టక్కుమంది. తర్వాత ఫ్రిజ్ సన్నగా, తేనెటీగలా మూలగడం మొదలుపెట్టింది. మూడేళ్ళుగా అది నా వెనకే ఉంది, ఆ చప్పుడు నేను వినడం అదే మొదలు. మాట ఆపేశాను. జనం ప్రార్థనేమో అనుకుని తలలు వంచారు.

నేను వెనక్కి తిరిగాను. మొట్టమొదట చూసింది ఆమె మొహం కాదు బావగారూ, చెయ్యి. అది ఫ్రిజ్‌ని ఆపే స్విచ్చి మీద లేదు. ఒళ్ళో ఉంది.

మీ రాక కోసం మెల్లగా పిలుస్తున్న,
పిడుగు