సమానం పడితే గెలుపెవరిది?

సోమవారం, ఉదయం
నిన్న యుద్ధం ఆటలో నా సైన్యమూ తోడల్లుడి సైన్యమూ వంతెన మీద ఢీకొన్నాయి. ఇద్దరి పాచికల్లోనూ ఐదే పడింది. సమానం పడితే కాపలా ఉన్నవాడిదే గెలుపని నేను, దాడి చేసినవాడిదని అతను. రూల్సు పుస్తకంలో ఆ ముక్కే లేదు! చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు, వెనకే మరదలు.
మా ఆవిడ హెచ్చరిక: "ఆదివారంలోగా తేల్చుకోకపోతే ఆ ఆట పెట్టె అటకెక్కుతుంది. మా చెల్లెల్ని నాకు దూరం చేస్తే ఊరుకోను."
నిర్ణయం! పోరాట నియమాలన్నీ ఒక్క కాగితంలో, పసిపిల్లలకి కూడా అర్థమయ్యేలా రాస్తాను.

సాయంత్రం
రాసేశాను! నాలుగే వాక్యాలు! నాకింత తెలివుందని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మంగళవారం
చిన్న అనుమానం. పక్క ఊరి నుంచి సాయం వచ్చిన సైన్యం కాపలాదా, దాడిదా? ఒక వాక్యం కలిపాను. దానికో మినహాయింపు. మినహాయింపుకో బొమ్మ. గుర్రం వేస్తే కుక్క వచ్చింది.

బుధవారం
ఆవిడతో ఆడి చూశాను. పావుగంటలో నా రాజధాని పోయింది!
"వెనక్కి తగ్గే సైన్యాన్ని కొట్టకూడదని మీరే రాశారుగా. నేను వెనక్కి తగ్గుతూ తగ్గుతూ మీ కోటలోకొచ్చా. వెనక్కంటే ఎటో రాయలేదు మరి."
తీగ లాగితే డొంకంతా కదులుతోంది.

గురువారం
తలనొప్పి. పైగా పెన్ను మంచిది కాదు.

శుక్రవారం
కొత్త పెన్ను. పదకొండు కాగితాలు. 'వెనక్కి' ఇంకా తేలలేదు.

శనివారం
తోడల్లుడికి ఫోన్ చేద్దామనుకున్నాను. చిన్నవాడు, ముందు అతనే చెయ్యాలి కదా! చెయ్యలేదు. అతను రాకపోతే ఆదివారం నాకు తోచదు. ఆ మాట చచ్చినా అతనితో అనను.

ఆదివారం
మరదలు తోడల్లుణ్ణి లాక్కొచ్చింది. అతని చంకలోనూ ఒక కట్ట! పోరాట నియమాలే, టైపు చేయించినవి! ఎవరివి వాడాలో పాచికలతో తేల్చుకుందామన్నాం. ఇద్దరికీ మూడు.
"మీ ఇంటి మీదికొచ్చింది నేను అన్నయ్యా. దాడి నాది, గెలుపు నాది."
"ఇంట్లో ఉన్నది నేను. కాపలా నాది, గెలుపూ నాదే!"
మేం గొంతులు చించుకుంటుంటే అక్కాచెల్లెళ్ళు ఆట పరిచి, ఆడి, ముగించేశారు కూడా.
"మీకు సమానం పడలేదా?" అన్నాను.
"బోలెడుసార్లు. పడ్డప్పుడల్లా మళ్ళీ వేశాం" అంది మరదలు.
"అది రూల్సులో లేదు!" ఇద్దరం ఒక్క గొంతుతో అరిచాం.

సోమవారం
నిర్ణయం! నేనూ తోడల్లుడూ కలిసి నియమాలన్నీ ఒక్క కాగితంలో రాస్తాం. మొదటిది: మళ్ళీ వెయ్యడం నిషేధం! ఆరింటికి వస్తానన్నాడు. ఐదింటికే గుమ్మంలో నిలబడ్డాను.