దండెం కట్టిన చెట్టు

పులివెందుల,
12-8-1957

లింగాలలో ఉన్న దాసయ్య బావకు వందనాలు.

మీ కార్డు అందింది. "నువ్వు నాటిపోయిన బొప్పాయిల్లో కాయ కాయని గొడ్డు చెట్లు పదకొండు కొట్టేసినాలేప్పా, ఇంగ నీళ్లు మంచివాటికే పోతాయి" అని సంతోషంగా రాశారు. చదివి కాసేపు బడి మెట్ల మీదే కూర్చున్నాను.

బావా, అవి గొడ్డు చెట్లు కావు, పోతు చెట్లు. వాటి పుప్పొడి లేకపోతే మిగతావి గింజ కట్టవు. మూడేళ్లుగా ముదురు రంగు పండ్ల గింజలే ఏరి నాటుతున్నాను. ఆ రంగులోనే కంటికి పనికొచ్చే సత్తువ ఉందట. పోయిన నెల మీ ఇంట్లో, దీపాలు పెట్టే వేళ, మీ అమ్మాయి రత్నమణి గడప తడుముకుంటూ లోపలికి వచ్చింది. మీరు ఎద్దులకు మేత వేస్తున్నారు, చూడలేదు. అది రేచీకటి.

మీకు చెప్పకపోవడం నా తప్పే. అయినా పని చెడలేదు. కార్డు చివర మీరు విసుక్కుంటూ రాసిన మాటే నన్ను మెట్ల మీంచి లేపింది: "ఒగ చెట్టు మాత్రం మీ యక్క కొట్టనీలేదు. దండెం యాడ కట్టుకోవల్ల అని కొట్లాడింది."

ఇరవై ఆడ చెట్లకు ఆ ఒక్కటి చాలు. శనివారం బస్సుకు వచ్చి, దాని పుప్పొడి నా చేత్తోనే ఒక్కో ఆడ పువ్వుకు అద్ది, వేరే పుప్పొడి తగలకుండా కాగితం సంచులు కడతాను. ఆ గింజలు నాటితే వచ్చే పంట ఇంతకంటే ముదురు రంగుకు వస్తుంది, చూడండి. అంతవరకు ఇప్పుడు పండిన పండ్లు సంతకు పంపకుండా రత్నమణికే పెట్టండి.

అక్కను ఆ చెట్టుకు ఎన్ని చీరలైనా ఆరేసుకోమనండి. గొడ్డలి మాత్రం శనివారం దాకా ఆమె దగ్గరే ఉంచండి.

మీ బావమరిది