నాలుగో పాట ఆగే కాడ

శనివారం, 2007

మహేష్‌గాని బాపు మన్నెగూడ కాడి పొలం అమ్మిండు, వీనికి కొత్త మ్యూజిక్ సిస్టమ్ వచ్చింది. ఇయ్యాల దోస్తులందరిని పిలిచి అండ్ల ఒక జపాన్ రాక్ బ్యాండ్ ఆల్బమ్ పెట్టిండు. ఒరిజినల్ సీడీ! గా ఆల్బమ్ వానికి ఇనిపిచ్చిందే నేను. రెండేండ్ల కింద నెట్ సెంటర్ల గంటలకొద్ది కూసోని దించుకొని, సీడీ కొట్టించుకున్న.

నా సీడీల నాలుగో పాట నడుమల టక్కున ఆగుతది. "కావాలనే ఆపుతరు రా, గదే వాళ్ల గొప్పతనం" అని కాలేజీల అందరికి చెప్పిన. ఇయ్యాల పాట గాడికి రాంగనే చెయ్యి లేపి, "ఇగ చూడుర్రి" అన్న.

పాట ఆగలే. ఇంకో రెండు నిమిషాలు నడిచింది. నెట్ సెంటర్ల నాకు దిగింది సగమే అన్నట్టు.

ఎవ్వడు నవ్వలే. మహేష్‌గాడైతే మెల్లగ, "సీడీ తీస్కపోయి ఇను రా" అన్నడు. నవ్వినా బాగుండేది. "నాకెందుకు, నాదుంది" అని వచ్చేసిన.

ఇంట్ల నాది పెట్టిన. గాడనే ఆగింది. నా నోరే ఆగుతలేదు. వాని ఇంట్ల ఒక్కసారి ఇన్న గా మిగిలిన ముక్క, అప్పటిసంది అదే పాడుకుంటున్న.