చింపి పారెయ్ తమ్ముడూ

మార్చి 3, సోమవారం

బాకీలు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీ నుంచి ఉత్తరం. జనవరి 18న షికాగోలో ఒక ప్రైవేట్ పార్కింగ్ లాట్‌లో నా కరోలా డబ్బు కట్టకుండా మూడు గంటలు నిలబడిందట. 87 డాలర్లు. లేట్ ఫీజులతో 212. ముందు పంపిన నోటీసులకి నేను పలకలేదట.

నాకు కరోలా లేదు. నవంబర్‌లోనే జగదీష్ అన్నకి అమ్మేశాను.

సాయంత్రం 6

తప్పు దొరికింది. నాదే. మన దగ్గర నంబర్ బండితో పాటే పోతుంది కదా. అలాగే అనుకుని తాళాలిచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు కూడా నేనే పెట్టి, ప్లేట్లతో సహా సాగనంపాను. ఇల్లినాయ్‌లో ప్లేట్ మనిషిది, కారుది కాదు. అమ్మేటప్పుడు విప్పుకోవాలి. రేపే పేరు మార్పించుకుంటా అన్నాడాయన. నాలుగు నెలల నుంచి నా నంబర్ మీద ఊరేగుతున్నాడు.

మార్చి 4

అన్నకి ఫోన్ చేశాను. నవ్వాడు. ప్రైవేట్ టికెటే కదా తమ్ముడూ, గవర్నమెంట్‌దేమన్నానా, చింపి పారెయ్, ఏం కాదు అన్నాడు. పార్క్ చేసింది నువ్వే కదన్నా అంటే, ఎంత చిన్న మనసురా నీది అన్నాడు.

ఏం కాదా? మూడేళ్ళుగా నలుగురితో షేరింగ్, హాల్లో కర్టెన్ వెనక పడక. ఇప్పుడు షామ్‌బర్గ్‌లో వన్ బెడ్‌రూమ్‌కి అప్లై చేశాను. ఏప్రిల్ 1న క్రెడిట్ చెక్, అంటే నా అప్పుల చరిత్ర తిరగేస్తారు. అందులో కలెక్షన్‌కి వెళ్ళిన బాకీ కనిపిస్తే ఇల్లు ఇచ్చేది లేదని లీజింగ్ ఆఫీస్‌లో ముందే చెప్పారు.

మార్చి 7

ఏజెన్సీ వాడి పేరు బ్రాడ్ అట. ఉదయం నుంచి ఆరు ఫోన్లు. కారు అమ్మేశానంటే, అందరూ అదే చెప్తారు అన్నాడు. నెలాఖరులోగా కట్టకపోతే క్రెడిట్ రిపోర్ట్‌కి ఎక్కిస్తాడట. నా పేరు మూడు రకాలుగా పలికాడు. మూడూ తప్పే.

మార్చి 10

ఆఫీస్‌కి చేశాడు. ఫ్రంట్ డెస్క్ అవని అందరూ వినేలా, నిశాంత్, నీ అప్పులవాళ్ళు లైన్‌లో ఉన్నారు అంది. మేనేజర్ శ్రీవిద్య గారు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి చూశారు.  తిట్టినా బాగుండేది.

వాణ్ణి వదలను.

మార్చి 11

212 కడితే అయిపోతుంది. అందుకే కట్టను.

మార్చి 13

సివిల్ చదివి, కోడింగ్ సొంతంగా వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ణి. లా ఎంత? అప్పుల వసూలు చట్టం రెండుసార్లు చదివాను. టైమ్ దాటకుండా రాసి అడిగితే రుజువు చూపించేదాకా వసూలు ఆపాలి. ఆఫీస్‌కి చేయొద్దంటే చేయకూడదు. రెండూ రాశాను. కారు అమ్మిన కాగితం కాపీ జత చేసి సర్టిఫైడ్ మెయిల్‌లో, అంటే మన రిజిస్టర్ పోస్ట్ లాంటి దాంట్లో, పంపాను.

మార్చి 19

ఉత్తరం ముట్టినట్టు పచ్చ కార్డు తిరిగొచ్చింది, ఏజెన్సీ సంతకంతో. ఈ దేశంలో నాకొచ్చిన మొదటి గ్రీన్ కార్డ్.

మార్చి 20, ఉదయం 10:42

వాడు మళ్ళీ ఆఫీస్‌కి చేశాడు! దొరికాడు. టైమ్ రాసి అవనితో సంతకం పెట్టించుకున్నాను. అప్పులవాడు ఫోన్ చేస్తే స్వీట్లు పంచేలా ఉన్నావేంటి అంది.

మార్చి 22, శనివారం

స్క్రూడ్రైవర్ తీసుకుని జగదీష్ అన్న ఇంటికెళ్ళాను. డ్రైవ్‌వేలో గొంతుక్కూర్చుని ముందు ప్లేట్, వెనక ప్లేట్ విప్పాను. ఆయన లుంగీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సోమవారం ఆఫీస్‌కి ఎలా పోవాలిరా, ప్లేట్ లేకపోతే పోలీసులు ఆపి టికెట్ రాస్తారు అన్నాడు.

చింపి పారెయ్ అన్నా, ఏం కాదు అన్నాను.

భవిత వదిన నవ్వాపుకోలేక గరాజ్‌లోకి వెళ్ళిపోయింది.

మార్చి 26

ఏజెన్సీ మీద స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల కోర్టులో, కేసు వేశాను. లాయర్ లేడు. ప్రతి ముక్కా నేనే రాశాను. కాపీ వాళ్ళకి పంపాను.

మార్చి 28

వాళ్ళ లాయర్ మెయిల్. అకౌంట్ క్లోజ్ చేశారట. క్రెడిట్‌కి ఏమీ వెళ్ళదట. కేసు వెనక్కి తీసుకుంటే ఏడొందలు ఇస్తారట. డబ్బు సరే, బ్రాడ్ సారీ చెప్పాలి, నా పేరు సరిగ్గా పలికి చెప్పాలి అన్నాను. గంటలో తొమ్మిదొందలు చేశారు. సారీ మాత్రం కుదరదట.

సంతకం పెట్టాను. కడుపు చల్లబడలేదు.

ఏప్రిల్ 1

అప్రూవ్డ్.

ఏప్రిల్ 14, సోమవారం

కొత్త ఇల్లు. కుర్చీ కూడా లేదు. గోడకి రెండు నంబర్ ప్లేట్లు కొట్టి వాటి కింద కూర్చున్నాను. వాడు ఆఫీస్‌కి చేసిన టైమ్‌కే, సరిగ్గా 10:42కి, బ్రాడ్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

రేపు మళ్ళీ చేస్తా.