మా చోట్లో తమ్ముడి ఆటో

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం నా తమ్ముడు రామాంజి కుందుర్పి నుంచి వచ్చాడు. వాడు టమోటాలు తోలే లగేజీ ఆటోను కాలనీ గేటు బయటే ఆపేశారట. చెనక్కాయల మూట భుజాన వేసుకుని, ఆ ఎండలో మా బ్లాకు దాకా నడిచి వచ్చాడు.

మూట దింపించి, వాణ్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి పోయాను. అసోసియేషన్ సెక్రటరీ అక్కడే ఉన్నాడు.

"సరుకు బండ్లు లోపల పెట్టగూడదని రూలుండాదమ్మా. కాలనీ అందం చెడిపోతాది."

"మొన్న నీళ్ల ట్యాంకరు లోపలికొచ్చినప్పుడు ఆ రూలు యాడికి పోయిండె సార్? బిందె పట్టుకోని అందరికన్నా ముందర నిలబడినోళ్లు మీరే కదా!"

వాచ్‌మన్ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు.

మాకు కారు లేదు. ఇల్లు కొన్నప్పటి నుంచి మా పార్కింగ్ చోటు ఖాళీగానే ఉంది. వాచ్‌మన్‌తో గేటు తీయించి, ఆటోను లోపలికి తెప్పించి సరిగ్గా మా చోటు గీతల మధ్య పెట్టించాను. మా ఆయన బాల్కనీలో నిలబడి చూశాడు.

పోయేటప్పుడు రామాంజి, "ఈసారి బస్సుకొస్తాలేక్కా. నా కోసం నీకెందుకు ఈళ్లతో రచ్చ?" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాటే గుచ్చుకుంటోంది. అమ్మ పోయాక పుట్టింటి నుంచి నా గడప తొక్కేది వాడొక్కడే. మొహమాటపడి అసలు రావడమే మానేస్తే...

"బస్సుకొస్తే తలుపు తీయను. ఆటోలోనే రా" అని చెప్పి పంపాను.

ఆటో నిలిపిన చోట నూనె మరక పడింది. తుడవమని రేపు నోటీసు వస్తుందేమో. రానీ. తుడవను.