అంచు రంగు చెప్పే బహుమతి

ఆదివారం, రాత్రి

ఒళ్లంతా పులిసిపోయింది, అయినా సంతోషంతో నిద్ర రావడం లేదు. టైఫాయిడ్ తగ్గినా మా అమ్మాయి సుజాత భయంతో మంచం దిగడం లేదని, మగ్గం గదిలో నూలు చుట్టిన కండె ఒకటి దాచి, వాడకట్టు పిల్లలతో పాటు తననూ వెతకమన్నాను.

"ముందు దొరికిచ్చుకున్నోళ్లకు ఏమిస్తవయ్యా? ఇంట్ల బెల్లం ముక్క గూడ లేదు," అని మా ఆవిడ నవ్వింది.

"మగ్గం మీది చీరకు అంచు రంగు వాళ్లే చెప్తరు," అన్నాను.

అంతే, నా బంగారుతల్లి గోడ పట్టుకుని నడిచి వచ్చింది! మగ్గం మీది పడుగు పోగుల కింద చెయ్యి పెట్టి కండె తీసింది.

"బాపూ, ఎర్రంచు!"

పచ్చంచు పోగులు అప్పటికే ఎక్కించానన్న సంగతే మరిచాను. అవన్నీ తెంపి, ఎర్రవి ఒక్కొక్కటే అతికేసరికి వేళ్లు వంగడం లేదు. రేపు మళ్లీ మంచం పడుతుందేమోనని గుబులుగానే ఉంది. తల్లీ, రోజుకో రంగు చెప్పు, లేచి వచ్చి చెప్పు.